తూము పలక ఎత్తే చెయ్యి: బ్రిటన్‌లో స్వచ్ఛంద సంస్థలు ప్రకృతిని ఎలా కాపాడుతున్నాయి

1899లో ఇంగ్లండ్‌లోని కేంబ్రిడ్జ్‌షైర్ ప్రాంతంలో, వికెన్ ఫెన్ అనే చిత్తడి నేలలో రెండెకరాల ముక్క ఒకటి పది పౌండ్లకు చేతులు మారింది. కొన్నది ప్రభుత్వం కాదు, ఏ భూస్వామీ కాదు. అప్పటికి నాలుగేళ్ళ కిందటే పుట్టిన నేషనల్ ట్రస్ట్ అనే స్వచ్ఛంద సంస్థ. బురద నేలను ఎండగట్టి పొలంగా మార్చడమే ప్రగతి అనుకుంటున్న కాలంలో, దాన్ని బురదగానే ఉంచడానికి కొనడం కొత్త సంగతి. ఆ రెండెకరాలకు చుట్టుపక్కల ముక్కలు ఒక్కొక్కటిగా వచ్చి కలిశాయి. ఈనాడు వికెన్ ఫెన్‌లో నమోదైన జీవజాతుల సంఖ్య తొమ్మిది వేలు దాటింది.

అలా మొదలైన పద్ధతి ఇప్పుడు ఆ దేశమంతటా వేళ్ళూనుకుంది. పక్షుల రక్షణకు 1889లో మొదలై, 1904లో రాజశాసనం పొందిన ఆర్‌ఎస్‌పీబీ అనే సంస్థకు పది లక్షలకు పైగా సభ్యులు, 200కు పైగా క్షేత్రాలు ఉన్నాయి. వైల్డ్‌లైఫ్ ట్రస్ట్స్ అనే సమాఖ్యలోని 46 సంస్థలు కలిసి రెండు వేలకు పైగా క్షేత్రాలను చూసుకుంటున్నాయి. వీటిని అభయారణ్యాలు అనడం కన్నా సంరక్షణ క్షేత్రాలు అనడమే సరైనది, ఎందుకంటే వీటిలో చాలావాటిలో అడవి అన్నదే ఉండదు. కొన్ని బురద నేలలు, కొన్ని పచ్చిక కొండలు, కొన్ని సముద్రపు ఒడ్డున గులకరాళ్ళ దిబ్బలు, మరికొన్ని తవ్వకాలు ముగిశాక వదిలేసిన గుంటలు. చాలా క్షేత్రాలు ఒక మనిషి గంటలో చుట్టి రాగలిగినంత చిన్నవి.

స్వచ్ఛంద సంస్థ ఒకటి నేల కొని ప్రకృతిని కాపాడుతోంది అనగానే, కంచె వేసి, బోర్డు పెట్టి, మనుషులను దూరంగా ఉంచితే మిగిలినదంతా ప్రకృతే చూసుకుంటుందన్న బొమ్మ మన మనసులో మెదులుతుంది. ఈ రంగంలో జరిగిన పెద్ద పొరపాట్లలో కొన్నింటికి మూలం ఈ బొమ్మే. కొనుగోలు రోజున సంస్థ చేతికి వచ్చేది ఒక హక్కు మాత్రమే: ఆ నేల మీద ఏటా, విరామం లేకుండా, పని చేసే హక్కు. ఆ పని ఏమిటో, దానికి డబ్బు ఎక్కడి నుంచి వస్తుందో, ఆ హక్కు ఎక్కడ ఆగిపోతుందో తెలిస్తే తప్ప ఈ సంస్థలు సాధించిందీ, సాధించలేకపోయిందీ సరిగ్గా అర్థం కావు.

ముందుగా, ఈ బాధ్యత స్వచ్ఛంద సంస్థల మీద ఎందుకు పడిందన్నది చూడాలి. చార్ల్స్ రోత్‌షైల్డ్ ప్రసిద్ధ బ్యాంకు కుటుంబానికి చెందినవాడు. కీటకాలంటే ప్రాణం పెట్టినవాడు. ప్లేగును మోసుకొచ్చే ఎలుక గోమారికి 1903లో శాస్త్రీయ నామం పెట్టింది ఆయనే. 1910లో సొంత డబ్బుతో వుడ్‌వాల్టన్ ఫెన్ అనే చిత్తడి నేలను కొన్నాడు. 1912లో సంరక్షణ క్షేత్రాల స్థాపన కోసం ఒక సంఘాన్ని ఏర్పరిచాడు; నేటి వైల్డ్‌లైఫ్ ట్రస్ట్స్ సమాఖ్యకు మూలం అదే. దేశంలో తప్పక కాపాడవలసిన స్థలాల జాబితా ఒకటి తయారు చేయించి, 284 పేర్లతో 1915లో ప్రభుత్వానికి అందజేశాడు. అప్పటికి మహాయుద్ధం నడుస్తోంది. ఆ జాబితాను పట్టించుకున్నవారు లేరు. సంరక్షణ క్షేత్రాలను ప్రభుత్వమే ఏర్పాటు చేసే చట్టం 1949లో గానీ రాలేదు. రోత్‌షైల్డ్ 1923లోనే కన్నుమూశాడు. జాబితాకూ చట్టానికీ మధ్య గడిచిన 34 ఏళ్ళలో ఆ జాబితాలోని ఎన్నో స్థలాలు నాగలి కిందికో, ఇళ్ళ కిందికో పోయాయి. నిలిచినవాటిలో కొన్ని ఎవరో ఒక సంఘం ముందుగా కొని ఉంచడం వల్ల నిలిచాయి. నార్ఫోక్‌లో సిడ్నీ లాంగ్ అనే వైద్యుడి పూనికతో 1926లో క్లే మార్షెస్ అనే తీర చిత్తడి నేలను కొన్నప్పుడు, పక్షుల సంతానోత్పత్తి స్థలంగా దాన్ని శాశ్వతంగా కాపాడాలన్న సంకల్పంతోనే నార్ఫోక్ ట్రస్టు పుట్టింది.

ఈ "శాశ్వతంగా" అన్న మాటకు చట్టంలో బలం ఎంత? నేషనల్ ట్రస్ట్‌కు 1907 నాటి ప్రత్యేక చట్టం ఒక అరుదైన అధికారం ఇచ్చింది. తన ఆస్తుల్లో దేన్నైనా అన్యాక్రాంతం కానిదిగా ఆ సంస్థ ప్రకటిస్తే, ఆ తర్వాత దాన్ని అమ్మడం గానీ తాకట్టు పెట్టడం గానీ ఆ సంస్థకే సాధ్యం కాదు. అంటే రేపు పదవిలోకి రాబోయే ధర్మకర్తల చేతులను ఈనాటి ధర్మకర్తలు కట్టేయవచ్చు. మిగిలిన సంస్థలకు ఇంత కవచం లేదు. అవి ధర్మసంస్థల చట్టం కింద నమోదై, ప్రజాహితం కోసం, తమ పత్రాల్లో రాసుకున్న ఉద్దేశం కోసం మాత్రమే ఆస్తిని వాడవలసి ఉంటుంది. ధర్మకర్తలు సాధారణంగా జీతం తీసుకోరు. ఇంగ్లండ్, వేల్స్‌లలో చారిటీ కమిషన్ వీటిపై కన్ను వేసి ఉంచుతుంది. నేలను అమ్మడం పూర్తిగా నిషిద్ధం కాదు గానీ, లాభం పంచుకోవడానికి వాటాదారులు లేరు కాబట్టి అమ్మాలన్న ఒత్తిడి తక్కువ. ఎన్నికల లెక్కల ప్రకారం తల తిప్పనవసరం లేని యజమాని దొరకడమే ఇందులో ఉన్న అసలు మేలు. అయితే రాజ్యం తలచుకుంటే ఈ కవచాలన్నీ పలచబడతాయి. రెండో ప్రపంచయుద్ధంలో ఆహారం పండించడం కోసం వికెన్‌ను ఆనుకుని ఉన్న అడ్వెంచరర్స్ ఫెన్‌ను అధికారులు స్వాధీనం చేసుకుని, నీరు తోడించి, దున్నించారు. నేషనల్ ట్రస్ట్ చూస్తూ ఉండవలసి వచ్చింది.

ఇక పని సంగతి. లార్జ్ బ్లూ అనే నీలి సీతాకోకచిలుక కథ ఇక్కడ వివరంగా చెప్పుకోవాలి, ఎందుకంటే కంచె మీద ఉన్న భ్రమను ఇంత స్పష్టంగా పోగొట్టిన ఉదాహరణ మరొకటి లేదు.

ఈ సీతాకోకచిలుక వేసవిలో అడవి థైమ్ మొక్క మొగ్గల మీద గుడ్లు పెడుతుంది. గుడ్డు నుంచి వచ్చిన గొంగళిపురుగు మూడు వారాల పాటు ఆ పూలను తిని, బియ్యపు గింజంతైనా కాకముందే నేల మీద పడిపోతుంది. అక్కడ అది ఒక ఎర్రచీమ కోసం ఎదురుచూస్తుంది. చీమ వచ్చి తడిమితే, వీపు మీది గ్రంథి నుంచి తియ్యని చుక్క ఒకటి వదులుతుంది. చీమ దాన్ని తాగుతూ తాగుతూ ఉండగా, గొంగళిపురుగు ఒళ్ళు ఉబ్బించి చీమపిల్ల ఆకారంలోకి వస్తుంది. పుట్టలోంచి తప్పిపోయిన తన పిల్లే అనుకుని చీమ దాన్ని నోట కరుచుకుని పుట్టలోకి తీసుకుపోతుంది. ఆ తర్వాత పది నెలల పాటు ఆ అతిథి చీకట్లో చీమపిల్లలనే తింటూ పెరిగి, అక్కడే గూడు కట్టుకుని, సీతాకోకచిలుకగా పైకి పాకి రెక్కలు ఆరబెట్టుకుంటుంది. 

ఈ జాతి తగ్గిపోతున్న రోజుల్లో, వాటిని పట్టుకుపోయే సేకరణదారులే కారణమని అందరూ అనుకున్నారు. ఉన్న కొద్దిపాటి స్థలాల్లో కంచెలు వేశారు. కంచె మనుషులతో పాటు పశువులనూ ఆపింది. గడ్డి పెరిగింది. 1953లో మిక్సోమటోసిస్ అనే రోగం బ్రిటన్‌లోకి వచ్చి కుందేళ్ళను తుడిచిపెట్టడంతో మిగిలిన కొండలపైనా గడ్డి కొరికేవి లేకుండా పోయాయి. జెరెమీ థామస్ అనే శాస్త్రవేత్త ఈ కొండల మీద ఏళ్ళ తరబడి కూర్చుని గమనించిన తర్వాత అసలు ముడి విడిపోయింది. ఎర్రచీమల్లో అనేక జాతులు ఉన్నా, ఈ గొంగళిపురుగు బతికి బట్టకట్టేది దాదాపుగా మిర్మికా సాబులెటి అనే ఒక్క జాతి పుట్టల్లోనే. ఆ చీమకు ఎండ నేరుగా నేలను తాకే పొట్టి గడ్డి కావాలి. గడ్డి మూడు సెంటీమీటర్లు దాటి ఎదిగితే నేల చల్లబడి, సాబులెటి తప్పుకుని, చల్లదనాన్ని ఓర్చుకునే మరో చీమ ఆ చోటును ఆక్రమిస్తుంది. కంటికి పచ్చగా, నిండుగా, ఎవరూ తాకని ప్రకృతిలా కనబడే ఆ కొండలో సీతాకోకచిలుకకు చోటు ఉండదు. అసలు సంగతి తెలిసేసరికి ఆలస్యమైపోయింది; 1979లో డార్ట్‌మూర్‌లోని చివరి గుంపు అంతరించింది.

ఆ తర్వాత చేసినదంతా మేత లెక్కే. స్వీడన్ నుంచి అదే జాతిని తెచ్చి 1980ల తొలి ఏళ్ళ నుంచి వదలడం మొదలుపెట్టారు. ఎక్కడెక్కడ ఎన్ని పశువులను, ఏ నెలలో తోలాలి, ఏ నెలలో మళ్ళించాలి, పొదలు ఎంతవరకు కొట్టాలి అన్నవి నిర్ణయించి, చీమ మళ్ళీ స్థిరపడ్డాకే సీతాకోకచిలుకను దించారు. సోమర్సెట్‌లో నేషనల్ ట్రస్ట్‌కు చెందిన కొలార్డ్ హిల్, సోమర్సెట్ వైల్డ్‌లైఫ్ ట్రస్ట్‌కు చెందిన గ్రీన్ డౌన్ వంటి చోట్ల నేడు జూన్ నెలలో ఆ నీలిరెక్కలు ఎగురుతున్నాయంటే, గడ్డిని అంగుళాల్లో కొలిచే మనుషులు అక్కడ ఉండబట్టే. మేత ఒక్క రెండు మూడేళ్ళు ఆగితే ఇన్నేళ్ళ శ్రమా గడ్డిలో కలిసిపోతుంది.

ఇలా ఎందుకు చేయవలసి వస్తోంది? బ్రిటన్‌లో వన్యప్రాణులకు ఆధారమైన భూములు చాలావరకు వేల ఏళ్ళ మానవ శ్రమలో రూపుదిద్దుకున్నవి. పైకప్పులకు తుంగ కోయడం, పొయ్యిలోకి కట్టె కొట్టడం, గొర్రెలను కొండలకు తోలడం వంటి పనులు ఎవరి కడుపు కోసం వారు చేసుకున్నవే అయినా, వాటి నీడలో ఎన్నో జీవులు బతకడం నేర్చుకున్నాయి. ఇప్పుడు ఆ పనులు ఎవరికీ అక్కరలేదు. సంరక్షణ క్షేత్రంలో పనిచేసే వార్డెన్, మరుగైపోయిన పాత వృత్తులన్నింటినీ లాభం లేకుండా ఒంటిచేత్తో కొనసాగిస్తున్న మనిషి అన్నమాట. వికెన్‌లో తుంగను ఇప్పటికీ కొన్నేళ్ళకోసారి వంతులవారీగా కోస్తారు. చలికాలపు ఉదయం మోకాళ్ళ దాకా బూట్లు తొడుక్కుని, పొదలు నరికి కుప్పలు వేసే స్వచ్ఛంద కార్యకర్తలు ఈ క్షేత్రాలన్నింటిలోనూ కనిపిస్తారు. చెట్లు నరకడం ప్రకృతి రక్షణ ఎలా అవుతుందని దారిన పోయేవారు కోప్పడటమూ మామూలే. వారి కోపం అర్థం చేసుకోదగినదే; జవాబు మాత్రం ఆ గడ్డిలో, ఆ చీమలో ఉంది.

చిత్తడి నేలల్లో ఈ పని మరింత కఠినం. కిక్కిస మొలిచిన నీటిమడి తనంతట తాను నేలగా మారిపోతుంది: ఏటా ఎండిన ఆకులు అడుగున పేరుకుని మేట వేస్తాయి, నీటి లోతు తగ్గుతుంది, పొదలు వస్తాయి, చివరికి చెట్లు వస్తాయి. బిట్టర్న్ అనే కొంగజాతి పక్షికి నీటిలో నిలబడిన కిక్కిసే కావాలి, ఎందుకంటే దాని ఆహారమైన చేప అక్కడే దొరుకుతుంది. ఒంటి మీద చారలతో కిక్కిసలో కలిసిపోయి, మెడ నిక్కించి కదలకుండా నిలబడే ఈ పక్షిని చూడటం దాదాపు అసాధ్యం. కానీ మగపక్షి కూత, ఖాళీ కూజా మూతి మీద ఊదినట్టు బొంగురుగా, మైళ్ళ దూరం వినిపిస్తుంది. అందుకే దీని జనాభాను కూతలతోనే లెక్కిస్తారు. 1997లో దేశం మొత్తం మీద కూత పెట్టిన మగపక్షులు 11 మాత్రమే.

అప్పుడు చేసిన చికిత్స పేరుకు సంరక్షణే అయినా చూడటానికి రోడ్డు పనిలా ఉంటుంది. యంత్రాలతో మేట తవ్వి తీశారు, కాలువలు కోశారు, చేపలు తిరిగే లోతు మళ్ళీ వచ్చేలా చేశారు, తూములు కట్టారు. తూములో చెక్క పలకలు ఒకదానిపై ఒకటి నిలబెట్టి ఉంటాయి. ఒక పలక తీస్తే మడిలో నీరు జానెడు దిగుతుంది, ఒక పలక వేస్తే జానెడు ఎక్కుతుంది. గూళ్ళు పెట్టే కాలంలో నీరు హఠాత్తుగా పెరిగితే గుడ్లు మునుగుతాయి. తగ్గితే నక్క నడిచి వస్తుంది. కోతకు నేల కాస్త ఆరాలి, చేపకు లోతు ఉండాలి. ఈ లెక్కలన్నీ తలలో పెట్టుకుని, వాన వచ్చేముందు వెళ్ళి సరైన పలకను ఎత్తగల మనిషి ఒకరు ఆ క్షేత్రానికి ఉన్నారా లేదా అన్నదే ఆ పక్షి బతుకును తేలుస్తుంది. దేశంలో కూత పెట్టే మగపక్షుల సంఖ్య ఇప్పుడు 200 దాటింది.

కాపాడటంలో చంపడం కూడా ఉందన్నది చాలామంది సభ్యులు జీర్ణించుకోలేని సంగతి. స్కాట్లండ్‌లోని అబెర్నెథీలో పురాతన పైన్ అడవి ఉన్న పెద్ద ఎస్టేటును ఆర్‌ఎస్‌పీబీ 1988లో కొన్నది. అక్కడ దుప్పులు విపరీతంగా పెరిగి, మొలిచిన ప్రతి పైన్ మొక్కనూ కొరికేస్తున్నాయి. కంచె వేద్దామంటే, కాపర్‌కైలీ అనే పెద్ద అడవిపక్షి తక్కువ ఎత్తులో వేగంగా ఎగిరి ఆ కంచె తీగలకే గుద్దుకుని చస్తుంది. ఆ పక్షి కోసమే కదా ఆ అడవి! కాబట్టి కంచెలు తీసేసి, దుప్పులను కాల్చి తగ్గించారు. అడవి మళ్ళీ మొలకెత్తింది. మరో వైపు, చట్టరక్షణ ఉన్న పైన్ మార్టెన్ అనే జంతువు అదే కాపర్‌కైలీ గుడ్లను తింటుంది. దాన్ని చంపే వీలు లేదు, చంపాలని ఎవరూ కోరుకోవడమూ లేదు. గూళ్ళ కాలంలో దానికి వేరే చోట మాంసం పెట్టి దృష్టి మళ్ళించే ప్రయత్నాలు సాగాయి. కొన్ని క్షేత్రాల్లో నక్కలను, కాకులను కూడా ఆర్‌ఎస్‌పీబీ చంపిస్తుంది. ఆ వివరాలను దాచకుండా ప్రచురించడం నా దృష్టిలో ఆ సంస్థ చేసిన మంచి పనుల్లో ఒకటి. చందా కట్టినవారికి నిజం తెలిసే హక్కు ఉంది. నచ్చనివారు తప్పుకునే హక్కూ ఉంది.

ఇంత చేసినా, సంస్థ అధికారం సరిహద్దు రాయి దగ్గర ఆగిపోతుంది. నీరు ఆగదు. వికెన్ చుట్టూ ఉన్న నేలంతా పీట్, అంటే వేల ఏళ్ళ పాటు కుళ్ళిన మొక్కలతో ఏర్పడిన నల్లనేల. పొలాల కోసం దాన్ని ఎండగట్టేసరికి అది కుంగిపోయింది. ఎంతగా కుంగిపోయిందో చూపడానికి, అలాంటి నల్లనేలే ఉన్న హోమ్ ఫెన్ అనే చోట ఒక ఇనుప స్తంభం ఉంది: 1851 ప్రాంతంలో నేలతో సమానంగా పాతిన దాని తల ఇప్పుడు నేల మీద సుమారు నాలుగు మీటర్ల ఎత్తున నిలిచి ఉంది. కాపాడిన వికెన్ అలా కుంగలేదు కాబట్టి, చుట్టూ పల్లమైన పొలాల మధ్య అదొక దిబ్బలా మిగిలింది. నీరు దానిలోంచి బయటికి కారిపోతూ ఉంటుంది. అక్కడ ఒక చెక్క గాలిమర ఉంది. ఒకప్పుడు చిత్తడిని ఎండగట్టడానికి నీరు బయటికి తోడిన యంత్రమే అది. 1956లో దాన్ని తెచ్చి ఇప్పుడున్న చోట నిలబెట్టారు. ఇప్పుడది చిత్తడిని తడిగా ఉంచడానికి నీటిని లోపలికి ఎత్తిపోస్తోంది. 

చిన్న క్షేత్రంలో మరో ప్రమాదం ఉంది. ఒక్క వరద, ఒక్క కరువు చాలు, ఆ జాతి అంతా ఒకేసారి పోవడానికి. పోయాక పక్క ఊరి నుంచి ఎగిరి రావడానికి పక్క ఊర్లో అది మిగిలి ఉండదు. 19వ శతాబ్దంలో ఇంగ్లండ్‌లో అంతరించిన లార్జ్ కాపర్ అనే రాగిరంగు సీతాకోకచిలుకను హాలండ్ నుంచి తెచ్చి 1927లో వుడ్‌వాల్టన్‌లో వదిలారు. దశాబ్దాల పాటు సాకారు. పదేపదే కొత్తవి తెచ్చి వదలవలసి వచ్చింది. చివరికి ఆ ప్రయత్నం నిలవలేదు. ఇంత అనుభవం తర్వాత, జాన్ లాటన్ అనే శాస్త్రవేత్త నాయకత్వంలో 2010లో వెలువడిన ప్రభుత్వ సమీక్ష తేల్చినది సూటిగా ఉంది: ఉన్న క్షేత్రాలు మెరుగుపడాలి, పెద్దవి కావాలి, ఇంకా ఎక్కువ కావాలి, ఒకదానితో ఒకటి కలవాలి. అప్పటికే ఆ దారిలో అడుగు పడింది. వుడ్‌వాల్టన్‌నూ హోమ్ ఫెన్‌నూ కలుపుతూ మధ్యనున్న పొలాలను కొని తిరిగి తడపాలన్న గ్రేట్ ఫెన్ పథకం 2001లో మొదలైంది; దాని విస్తీర్ణం 3,700 హెక్టార్లు. వికెన్ కోసం 1999లో నేషనల్ ట్రస్ట్ వేసుకున్న ప్రణాళిక గడువు వందేళ్ళు.

పొలాలను కొని తడపడం అందరికీ నచ్చే పని కాదు. ఆ నల్లనేల ఇంగ్లండ్‌లోకెల్లా సారవంతమైనది. అక్కడ తరతరాలుగా కూరగాయలు పండించిన రైతుకు, తాతలు ఎండగట్టిన నేలను మళ్ళీ ముంచుతామంటే గుండె కలుక్కుమనకుండా ఉండదు. బలవంతంగా తీసుకునే అధికారం స్వచ్ఛంద సంస్థకు లేదు. అమ్మేవాడు అమ్మినప్పుడే, అడిగిన ధరకే కొనాలి. అందువల్ల పని మెల్లగా సాగుతుంది. అయినా, ఇష్టంతో అమ్మిన నేల మీద పొరుగువారి పగ ఉండదు గనుక, ఈ నెమ్మదితనాన్ని నేను లోపంగా చూడను.

డబ్బు విషయంలో మాత్రం ఒక లోపం నిజంగా ఉంది. ఈ సంస్థల ఆదాయం సభ్యత్వ రుసుములు, చందాలు, వీలునామాల ద్వారా వచ్చే ఆస్తులు, లాటరీ నిధుల గ్రాంట్లు, ప్రకృతికి మేలు చేసే సాగుకు ప్రభుత్వం ఇచ్చే చెల్లింపులు, ఇలా అనేక మార్గాల్లో వస్తుంది. పన్ను కట్టే వ్యక్తి ఒక పౌండు ఇస్తే, గిఫ్ట్ ఎయిడ్ అనే ఏర్పాటు కింద సంస్థ మరో 25 పెన్నీలు పన్ను శాఖ నుంచి రాబట్టుకోవచ్చు. చనిపోయేవారు వీలునామాలో రాసిచ్చినదానికి వారసత్వ పన్ను ఉండదు. వినడానికి ఏర్పాటు బాగానే ఉంది. ఇబ్బంది ఎక్కడంటే, ఏదైనా నేల అమ్మకానికి వచ్చిందని, నెలల్లో ఇంత సొమ్ము కూడకపోతే బిల్డరు చేతుల్లోకి పోతుందని పిలుపునిస్తే జనం కదిలివస్తారు. అదే క్షేత్రంలో పదేళ్ళ తర్వాత తూము పలకలు పుచ్చిపోయాయని, పశువుల కాపరికి జీతం ఇవ్వాలని పిలుపునిస్తే ఆ ఉత్సాహం ఉండదు. పైగా ఒక ప్రత్యేక అవసరం చెప్పి సేకరించిన డబ్బును చట్టం ప్రకారం ఆ అవసరానికే వాడాలి. నేల కొనడానికి వచ్చిన చందాలో మిగులు ఉన్నా, దాతలకు ముందే చెప్పి ఉండకపోతే, పక్క క్షేత్రంలో తెగిన గట్టుకు వాడటం కుదరదు. గ్రాంట్లు మూడేళ్ళకో అయిదేళ్ళకో ముగుస్తాయి. గడ్డి మాత్రం ఆరో ఏడూ మొలుస్తుంది. నేషనల్ ట్రస్ట్ అందుకే ఎవరైనా ఆస్తిని దానంగా ఇస్తామన్నా, దాని పోషణకు సరిపడే మూలధనం కూడా తోడుగా ఉందా అని లెక్క చూసుకుని గానీ ఒప్పుకోదు. దానం ఇస్తుంటే వద్దనడం మొరటుగా అనిపించవచ్చు. కానీ పోషించలేని క్షేత్రాన్ని చేతిలోకి తీసుకోవడం దాన్ని మరో పేరుతో చంపడమే.

జనాన్ని దూరం పెట్టాలా, దగ్గరికి రానివ్వాలా అన్న ప్రశ్నకు స్కాట్లండ్‌లోని లోఖ్ గార్టెన్ చెరువు దగ్గర ఒక జవాబు దొరికింది. బ్రిటన్‌లో గూళ్ళు పెట్టడం మానేసిన ఆస్ప్రే అనే చేపలగద్ద 1950లలో అక్కడికి తిరిగి వచ్చింది. ఆర్‌ఎస్‌పీబీ గుట్టుగా కాపలా కాసింది. అయినా 1958లో ఒక రాత్రి గుడ్ల దొంగ చెట్టెక్కాడు. కాపలాదారులు తరమగా గుడ్లు పగిలిపోయాయి, వాటికి బదులుగా దొంగ గూట్లో పెట్టిన రంగు పూసిన కోడిగుడ్లు మాత్రం మిగిలాయి. మరుసటి ఏడు సంస్థ పద్ధతిని తిరగేసింది. గూడు ఎక్కడుందో లోకానికి చాటి, దూరం నుంచి చూడటానికి జనాన్ని పిలిచింది. ఆ ఒక్క వేసవిలో సుమారు 14,000 మంది వచ్చారు. అన్ని కళ్ళ మధ్య దొంగ రాలేడు. ఆ ఏడు మూడు పిల్లలు ఎగిరాయి. అలా చూసి వెళ్ళినవారిలోంచే సభ్యులు పుడతారన్నది సంస్థలన్నీ నేర్చుకున్నాయి. దానికి మూల్యమూ ఉంది. కుక్కలతో వచ్చేవారి అడుగుల కింద నేల మీద గూళ్ళు పెట్టే పక్షులు నలుగుతాయి, కారు పార్కింగు కోసం క్షేత్రం అంచు తెగుతుంది.

ఇవన్నీ కలిపి చూసినా, దేశం స్థాయిలో లెక్క ఆశాజనకంగా లేదు. సంస్థలూ శాస్త్రవేత్తలూ కలిసి 2023లో ప్రకటించిన అంచనా ప్రకారం, 1970 నుంచి బ్రిటన్‌లో అధ్యయనం చేసిన జీవజాతుల సంఖ్యాబలం సగటున 19 శాతం పడిపోయింది. దాదాపు ఆరింట ఒక జాతి దేశం నుంచి అంతరించే ప్రమాదంలో ఉంది. క్షేత్రాలు విఫలమయ్యాయని దీనర్థం కాదు. క్షేత్రాల బయట, దేశంలో అత్యధిక భాగమైన పొలాల్లో ఎరువులు, పురుగుమందులు, తెగిన పొదలు, ఎండిన గుంటలు చేస్తున్న నష్టం, లోపల జరుగుతున్న మేలును మింగేస్తోంది. ఆ విధానాలను మార్చగలిగింది ప్రభుత్వమే. అందుకే ఈ సంస్థలు నేల కొనడంతో పాటు చట్టాల కోసం పోరాడటమూ చేస్తాయి. ఏ పార్టీకీ కొమ్ము కాయనంతవరకు చట్టం దానికి ఒప్పుకుంటుంది.

ఇక సముద్రం. తూర్పు తీరంలో ఉన్న మిన్స్‌మియర్‌కు ఒక విచిత్ర చరిత్ర ఉంది. రెండో ప్రపంచయుద్ధంలో శత్రుసేన దిగకుండా 1940లో ఆ పల్లపు పొలాలను కావాలనే ముంచారు. యుద్ధం ముగిసేసరికి అక్కడ కిక్కిస నిండింది. దాదాపు వందేళ్ళుగా బ్రిటన్‌లో గూళ్ళు పెట్టని అవోసెట్ అనే నలుపు తెలుపుల పక్షి 1947లో అక్కడ గూడు పెట్టింది. ఆర్‌ఎస్‌పీబీ ఆ ఏడే దాని బాధ్యత తీసుకుంది. తన గుర్తుగానూ ఆ పక్షినే ఎంచుకుంది. నాడు నీరు తెచ్చిన భాగ్యం అది. నేడు మట్టం పెరుగుతున్న సముద్రం ఉప్పునీటితో వస్తే, బిట్టర్న్‌కు ఆహారమైన మంచినీటి చేపా, ఆ కిక్కిసా మిగలవు. గట్లు ఎంత ఎత్తుగా పోసినా ఎప్పటికీ ఆపలేమని ఆర్‌ఎస్‌పీబీకి తెలుసు. కొన్ని చోట్ల అది గట్టును తానే తెంచింది. ఎసెక్స్‌లోని వాలాసియా దీవిలో, లండన్ కింద రైలు సొరంగాలు తవ్వినప్పుడు వచ్చిన మట్టిలో ముప్పై లక్షల టన్నులకు పైగా తెచ్చి నేల ఎత్తు పెంచి, 2015లో సముద్రపు గోడకు గండ్లు కొట్టి, ఆటుపోట్లకు దారి ఇచ్చారు.

మిన్స్‌మియర్ బిట్టర్న్‌లకు మరో దారి వెతకవలసి వచ్చింది. అందుకే 1995లో ఆర్‌ఎస్‌పీబీ సముద్రానికి దూరంగా, లేకెన్‌హీత్ అనే చోట, క్యారెట్లు పండే పొలాలను కొన్నది. అక్కడ అప్పుడు కాపాడటానికి ఏ పక్షీ లేదు. కాలువలు తవ్వి, తూములు కట్టి, మూడు లక్షలకు పైగా కిక్కిస మొక్కలను చేత్తో నాటారు. 2007లో ఆ ప్రాంతం నుంచి నాలుగు వందల ఏళ్ళ కిందట మాయమైన క్రేన్ కొంగలు, ఎవరూ పిలవకుండానే, అక్కడికి వచ్చి గూడు పెట్టాయి. 2009లో బిట్టర్న్ గూడు పెట్టింది.